సముద్రం ఎదుట ఇల్లు: ఎంపిక ఎవరిది?

ఇల్లు ఎక్కడ కట్టుకోవాలి, ఎవరి ఇరుగుపొరుగున వుండాలి అనే ప్రశ్న మన సమాజం స్త్రీలను ఎన్నడూ పెద్దగా అడగలేదు. పెళ్ళయ్యేదాకా తండ్రి ఇల్లు, అయ్యాక భర్త ఇల్లు, వృద్ధాప్యంలో కొడుకు ఇల్లు. ఏ ఊళ్ళో, ఏ వీధిలో బతకాలనేది సంబంధం కుదిరిన రోజే మన ప్రమేయం లేకుండా తేలిపోతుంది. అలాంటిది ఇప్పుడు కాస్త డబ్బున్న కుటుంబాలలో ‘ఎంపిక’ అనే మాట కొత్తగా వినిపిస్తోంది. విశాఖలో భీమిలి రోడ్డు నుంచి చెన్నైలో ఈస్ట్ కోస్ట్ రోడ్డు దాకా, ఆ మధ్యలో వున్న మన నెల్లూరు తీరం దాకా, సముద్రం ఎదుట విల్లా, బీచ్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ప్లాటు, చుట్టూ ఎత్తైన ప్రహరీ, గేటు దగ్గర కాపలా అనే ప్రకటనలు చూస్తున్నాం. ఏ వెంచర్ మంచిది, ఏ కాలనీలో కొంటే బాగుంటుంది అని వాకబు చేసేవాళ్ళలో ఉద్యోగాలు చేస్తున్న స్త్రీలు, మన సంఘాలతో కలిసి నడిచిన స్త్రీలు కూడా వున్నారు. సొంత సంపాదనతో, సొంత పేరు మీద, నచ్చిన చోట ఇల్లు కొనుక్కోవాలనుకోవడంలో తప్పేమీ లేదు. మన తల్లులకు ఆ అవకాశమే లేదు. అందుకే ఆ ప్రశ్నను మనం తేలిగ్గా తీసిపారేయకూడదు. అయితే దానికి జవాబు ప్లాటు కొలతల దగ్గర దొరకదు. ప్లాటుకూ కెరటాలకూ మధ్యనున్న ఇసుక దగ్గర వెతకాలి.

నెల్లూరు తీరం పొడవునా బకింగ్‌హాం కాలువకూ సముద్రానికీ మధ్య మత్స్యకారుల పాలేలు వున్నాయి. ఇందుకూరుపేట మండలంలోని మైపాడు, తోటపల్లిగూడూరు మండలంలోని కోడూరు, కావలి దగ్గర తుమ్మలపెంట, ఇలా ఏ తీరానికి వెళ్ళినా పని విభజన ఒక్క తీరుగానే కనిపిస్తుంది. నీళ్ళ మీద పని మగవాళ్ళది, ఒడ్డు మీద పని ఎక్కువగా ఆడవాళ్ళది. పడవ ఒడ్డుకు చేరిన క్షణం నుంచి చేప ఆడవాళ్ళ చేతిలోకి వస్తుంది. ఏరడం, రకాలవారీగా వేరుచేయడం, బేరం ఆడడం, అమ్ముడుపోని దాన్ని ఉప్పు పట్టించి ఇసుక మీద ఎండబెట్టడం, కాకుల నుంచీ కుక్కల నుంచీ కాపాడడం, వాన మబ్బు కనబడగానే పరుగున వచ్చి పోగుచేయడం, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మడం, అప్పు తెచ్చి మళ్ళీ వేటకు కావలసిన సరుకులు సమకూర్చడం. నాలుగు రోజులు సముద్రం పోటెత్తి వేట ఆగితే ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ ఎండు చేపల మీదనే.

ఇంత పనికీ ఒక్క కాగితమైనా లేదు. పడవకు రిజిస్ట్రేషన్ నంబరు వుంది. డీజిల్ రాయితీకి ఒక లెక్క వుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ 61 రోజులు వేట నిషేధం అమలయ్యేటప్పుడు ఇచ్చే భృతి వేటకు వెళ్ళే మత్స్యకారుడి పేరున వస్తుంది. ఆ భృతి 2019లో 10,000 రూపాయలకు, 2025లో 20,000 రూపాయలకు పెరిగింది, మంచిదే. కానీ ఆ రెండు నెలలూ చేప లేక గంప ఖాళీ అయిన స్త్రీ ఆ లెక్కలో ఎక్కడుంది? ఆమె ‘మత్స్యకారుడి భార్య’గా తప్ప పనిచేసే మనిషిగా నమోదు కాలేదు. ఆమె పని నమోదు కాలేదు గనుక ఆమె పనిచేసే చోటు కూడా నమోదు కాలేదు.

ఈ సంపాదకీయంలో మేము ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. తీరంలో ‘ఖాళీ స్థలం’గా కనిపిస్తున్నదంతా చాలాచోట్ల స్త్రీల కార్యస్థలం. రెవెన్యూ లెక్కల్లో అది పోరంబోకు. ప్రకటన బొమ్మలో అది మనిషి అడుగు పడని పసిడి ఇసుక. పటాలు గీసేవాళ్ళకు అక్కడ కట్టడం కనిపించదు, యంత్రం కనిపించదు, అందువల్ల పని కూడా కనిపించదు. ఫ్యాక్టరీ స్థలాన్ని అమ్మేటప్పుడు అందులోని కార్మికుల సంగతేమిటని ఎవరో ఒకరు అడుగుతారు. చేపలు ఎండబెట్టుకునే ఇసుక మేట చుట్టూ కంచె పడినప్పుడు ఒక పని పోయిందని అనేవాళ్ళే వుండరు. వాసన పోయింది, బీచ్ శుభ్రపడింది అంటారు.

ఇది నెల్లూరుకు కొత్త అనుభవం కాదు. సరళీకరణ తొలి సంవత్సరాలలో, 1990ల మొదట్లో, ఈ తీరానికి రొయ్యల చెరువులు ఇలాగే వచ్చాయి. అప్పుడు కూడా ‘వృథాగా పడి వున్న ఉప్పునేలలు’ అన్నారు. వాటితోపాటు వరి మళ్ళు కూడా చెరువులయ్యాయి. పాలెం నుంచి సముద్రానికి వెళ్ళే దారులకు చెరువు గట్లు అడ్డమొచ్చాయి. బావుల్లో నీళ్ళు ఉప్పు తేలాయి. బిందె పట్టుకుని మరింత దూరం నడవాల్సి వచ్చింది ఎవరో వేరే చెప్పనక్కరలేదు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఎస్. జగన్నాథ్ కేసులో తీర్పునిస్తూ, తీర నియంత్రణ మండలిలోని రొయ్యల పరిశ్రమలను 1997 మార్చి 31 లోగా తొలగించాలని, సంప్రదాయ పద్ధతుల సాగును మినహాయించాలని ఆదేశించింది. రెండు రోజుల తర్వాత, డిసెంబరు 13న, కమల్‌నాథ్ కేసులో అదే న్యాయమూర్తులు నదీతీరంలోని ఒక రిసార్టు గురించి చెబుతూ, నీళ్ళూ సముద్రతీరమూ ప్రజలందరి తరఫున ప్రభుత్వం చేతిలో వున్న ఆస్తి అనీ, దాన్ని కొందరి సొంతానికి ధారాదత్తం చేయరాదనీ స్పష్టం చేశారు. ఆ రెండు తీర్పులు మన చేతికి మంచి ఆయుధాలు. కానీ మొదటిది అమలు కాకముందే దాన్ని వమ్ముచేసే ప్రయత్నాలు మొదలయ్యాయి. చివరికి 2005లో వచ్చిన తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చెరువులకు చట్టబద్ధతనిచ్చింది. అప్పుడు చెరువు, ఇప్పుడు విల్లా. రూపం మారినా ‘ఖాళీ’ అనే మాట మారలేదు.

చట్టం ఏం చెబుతోందో ఇక్కడ వివరంగా చూడాలి, ఎందుకంటే కొనేవాళ్ళకూ పోరాడేవాళ్ళకూ ఇద్దరికీ అది అవసరమే. 1991 ఫిబ్రవరి 19న వచ్చిన తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్ ప్రకారం, పోటు ఎక్కువగా వున్నప్పుడు నీళ్ళు చేరే గీత నుంచి లోపలికి 500 మీటర్ల వరకూ నియంత్రణ వుంటుంది. పల్లె ప్రాంతాలలో అందులో మొదటి 200 మీటర్లు కట్టడాలు నిషిద్ధం. 2011 నోటిఫికేషన్ మత్స్యకార గ్రామాలనూ, వాళ్ళ ఉమ్మడి స్థలాలనూ, చేపలు ఎండబెట్టే చోట్లనూ తీర ప్రణాళిక పటాల మీద గుర్తించాలని చెప్పింది. ఇది చాలా విలువైన మాట. మొదటిసారిగా చట్టం ఎండు చేపల దిబ్బను చూసింది. 2019 జనవరి 18 నాటి నోటిఫికేషన్ మాత్రం 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి పైగా వున్న గ్రామీణ ప్రాంతాలలో ఆ 200 మీటర్లను 50కి కుదించే వీలు కల్పించింది. బీచ్‌ల మీద పర్యాటకుల కోసం తాత్కాలిక కట్టడాలకూ తలుపు తెరిచింది. రాష్ట్ర ప్రణాళికలు కొత్త నిబంధనలకు అనుగుణంగా ఆమోదం పొందిన చోటనే ఇది అమలవుతుంది. ఇందులోని విడ్డూరం గమనించండి. జనసాంద్రత ఎక్కువగా వుండేది ఎక్కడ? చోటు చాలక ఒకే చూరు కింద రెండు మూడు కుటుంబాలు సర్దుకుంటున్న పాలేలలో. ఆ ఇరుకును లెక్కలోకి తీసుకుని, ఆ లెక్కతో సముద్రం ముందున్న 150 మీటర్ల పట్టీని కట్టడాలకు విడిచిపెడితే, ఆ పట్టీలో కట్టుకోగలిగే స్తోమత ఎవరికుంది? ఇరుకులో వున్నవాళ్ళకా, విశాలంగా వుండాలనుకునేవాళ్ళకా?

పేదల ఇంటి సంగతి కూడా ఈ సందర్భంలోనే మాట్లాడుకోవాలి. 2020 డిసెంబరు 25న రాష్ట్రంలో పెద్ద ఎత్తున స్త్రీల పేరున ఇళ్ళ పట్టాల పంపిణీ మొదలైంది. పల్లెల్లో సెంటున్నర, పట్టణాలలో సెంటు. పట్టా స్త్రీ పేరున వుండాలని మహిళా సంఘాలు ఎంతోకాలంగా అడుగుతూ వచ్చాయి, కాబట్టి ఆ మేరకు అది ముందడుగే. అయితే సెంటున్నరలో, అంటే 72 గజాలలో, పడుకోవడానికి చోటు దొరుకుతుంది గానీ వల ఆరేసుకోవడానికి, చేప ఎండబెట్టుకోవడానికి, గంపలు పెట్టుకోవడానికి దొరకదు. మత్స్యకార స్త్రీకి ఇల్లూ కార్ఖానా ఒకటే. సముద్రానికి దూరంగా, రోడ్డు పక్కన పట్టా ఇచ్చి ‘ఇల్లు ఇచ్చాం కదా, ఇక ఒడ్డు ఖాళీ చేయండి’ అంటే, ఒక చేత్తో ఆస్తి ఇచ్చి ఇంకో చేత్తో జీవనోపాధి తీసుకున్నట్టు. స్త్రీ పేరున పట్టా అనేది ఆమె పనిని చూసి ఇచ్చినది కాకపోతే ఆమెను ఒడ్డు నుంచి తరిమే పత్రంగా కూడా మారగలదు.

ఇప్పుడు గేటు లోపలికి వద్దాం. అక్కడి స్త్రీలంతా హాయిగా వున్నారనుకోవడం కూడా పొరపాటే. ఊరికి పాతిక కిలోమీటర్ల దూరాన ఇల్లు తీసుకుందామని నిర్ణయించినప్పుడు ఆమె ఉద్యోగం ఎక్కడ, బస్సు ఎన్ని గంటలకు, తల్లి ఎంత దూరంలో వుంది, రాత్రిపూట అనారోగ్యం వస్తే ఎవరిని పిలవాలి అనేవి ఎన్ని ఇళ్ళలో చర్చకు వస్తున్నాయి? స్టాంపు కాగితం మీద భార్య పేరు వున్నంత మాత్రాన నిర్ణయం ఆమెది అయిపోదు. ఎత్తైన ప్రహరీ దొంగను ఆపుతుందేమో గానీ లోపలి చేతిని ఆపదు. పక్కింటివాళ్ళతో పరిచయమే లేని కాలనీలో దెబ్బలు తిన్న స్త్రీ కేక వినడానికి కూడా ఎవరూ వుండరు. 2005 గృహహింస చట్టం, ఇల్లు తన పేరున లేకపోయినా ఆ ఇంట్లో వుండే హక్కు ఆమెకు ఇచ్చింది. ఆ సంగతి గేటు లోపలి స్త్రీలకు చెప్పేదెవరు? మన కార్యకర్తలను ఆ గేటు దాటనిచ్చేదెవరు?

అదే గేటు గుండా ఉదయం ఆరింటికి ఇంకో స్త్రీ లోపలికి వెళుతుంది. ఒడ్డు మీద పని పోయినవాళ్ళకు ఆ పరిసరాల్లో దొరికేది అంట్లు తోమే పని, గచ్చు కడిగే పని. నిన్న చేపకు తానే ధర చెప్పిన మనిషి నేడు సాయంత్రం పోయేటప్పుడు సంచీ విప్పి చూపించాలి. లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ఇంటి పనివాళ్ళకు కూడా వర్తిస్తుంది. జిల్లా స్థాయిలో స్థానిక కమిటీకి ఫిర్యాదు చేసే వీలుంది. అలాంటి కమిటీ ఒకటి వుందని పనిచేసే ఆమెకూ తెలియదు, పని చేయించుకునే ఆమెకూ తెలియదు. ఈ ఇద్దరు స్త్రీలూ ఒకే ఇంట్లో రోజుకు నాలుగు గంటలు గడుపుతారు. ఇద్దరిలో ఎవరినీ ఈ చోటు నీకు ఇష్టమేనా అని అడిగినవాళ్ళు లేరు.

దీనికి ఎదురు వాదనలు వున్నాయి, వాటిని వినాలి. పాలెంవాళ్ళే భూములు అమ్ముకుంటున్నారు కదా, మధ్యలో మీకేమిటి అంటారు. నిజమే, కూతురి చదువుకో కొడుకు బోటుకో అమ్ముకున్న కుటుంబాలు వుంటాయి. అమ్ముకునే హక్కును మేము కాదనడం లేదు. కానీ సొంత పట్టా వేరు, ఊరుమ్మడి ఒడ్డు వేరు. ఉమ్మడి స్థలం మీద మాట ఇచ్చేది ఎవరు? పాలెం పెద్దలు, కాపులు కూర్చుని నిర్ణయిస్తారు. ఆ కట్టుబాటును దురాయి అంటారు, దాన్ని మీరడం కష్టం. అక్కడ కూర్చునేవాళ్ళలో స్త్రీలు వుండరు. అంటే ఒడ్డు మీద పనిచేసేవాళ్ళు లేకుండానే ఒడ్డు గురించి తీర్మానం జరిగిపోతుంది. బయటి పెట్టుబడిని ప్రశ్నిస్తూ లోపలి పెద్దరికాన్ని ప్రశ్నించకపోతే మన పని సగమే. రాష్ట్రంలో పంచాయతీలలో సగం స్థానాలు 2011 నుంచి స్త్రీలకే రిజర్వయి వున్నాయి. ఆ సర్పంచులు, వార్డు సభ్యులు ఒడ్డు సంగతిని గ్రామసభకు తేగలిగితే దురాయిలో దొరకని నోరు అక్కడ దొరుకుతుంది.

రెండో వాదన, అభివృద్ధి వద్దా అని. రోడ్లు వస్తాయి, పర్యాటకులు వస్తారు, నాలుగు పనులు దొరుకుతాయి అంటారు. ఈ జిల్లాలోనే కృష్ణపట్నంలో రేవు 2008లో ప్రారంభమైంది, ఆ పక్కనే థర్మల్ విద్యుత్ కేంద్రాలు వచ్చాయి. తీరం ఎన్నో అభివృద్ధులను చూసింది. ప్రతిసారీ మనం అడగవలసిన ప్రశ్న ఒకటే: వచ్చిన పనులలో స్త్రీలకు ఎన్ని, పోయిన పనులలో స్త్రీలవి ఎన్ని? రెండో అంకె లెక్కపెట్టకుండా మొదటి అంకె చెప్పడాన్ని అభివృద్ధి అనలేం.

ఇక కొనేవాళ్ళు తమ కోసమైనా ఆలోచించవలసిన విషయం ఒకటి వుంది. కేరళలో కొచ్చి దగ్గర మరడులో నీళ్ళ అంచున కట్టిన నాలుగు ఖరీదైన అపార్ట్‌మెంట్ సముదాయాలను, తీర నియంత్రణ నిబంధనలను ఉల్లంఘించినందుకు కూల్చివేయాలని 2019 మే 8న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2020 జనవరి 11, 12 తేదీలలో అవి నేలకూలాయి. మూడొందలకు పైగా ఫ్లాట్ల యజమానులు బయటికి రావలసి వచ్చింది. వాళ్ళకు తాత్కాలిక పరిహారంగా కోర్టు 25 లక్షల రూపాయలు ఇప్పించింది. అనుమతులు ఇచ్చినవాళ్ళను నమ్మి కొన్నామని వాళ్ళు మొత్తుకున్నారు. చట్టం సంగతి అలా వుంచితే సముద్రం సంగతి కూడా వుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానునూ, 2004 డిసెంబరు 26 సునామీనీ నెల్లూరు తీరం మరిచిపోలేదు. పాలెంవాళ్ళు ఇళ్ళ ముందు ఇసుక దిబ్బలనూ సరుగుడు తోటలనూ వుంచుకున్నది వాటి అండ తెలిసే. దిబ్బను చదును చేసి కట్టిన ఇంటికి సముద్రం మరింత బాగా కనిపిస్తుంది. సముద్రానికి ఆ ఇల్లు కూడా అంతే బాగా కనిపిస్తుంది.

1992లో ఇదే జిల్లాలో, కలిగిరి మండలం దూబగుంటలో, అక్షరాలు నేర్చుకున్న స్త్రీలు మా ఊళ్ళో సారా దుకాణం వుండడానికి వీల్లేదని తేల్చి చెప్పారు. ఆ మాట ఊరూరా పాకి, వేలంపాటలను ఆపి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసింది. ఆ ఉద్యమాన్ని మనం మద్య వ్యతిరేక పోరాటంగానే చెప్పుకుంటాం. కానీ మా ఇరుగుపొరుగున ఏముండాలో, ఏముండకూడదో నిర్ణయించే హక్కు మాకుంది అని స్త్రీలు సామూహికంగా ప్రకటించడం కూడా అందులో వుంది. మనం ‘ఎంపిక’ అనే మాటకు చెప్పుకోవలసిన అర్థం అది. ఇల్లు ఎంచుకునే హక్కు కొనగలిగిన ఒక్కరిదే అయితే అది సరుకు. ఆ చోట వున్న స్త్రీలందరిదీ అయినప్పుడే హక్కు అవుతుంది.

కనుక మన ముందున్న పనులు ఇవి. తీర మండలాల్లో పనిచేసే సంఘాలు, మత్స్యకార స్త్రీలతోనే వాళ్ళ ఒడ్డు పటం గీయించాలి. చేపలు ఎండబెట్టే చోటు, పడవ దించే చోటు, సముద్రానికి వెళ్ళే దారి, మంచినీళ్ళ బావి, మరుగుకు వెళ్ళే తావు, ఇవన్నీ సర్వే నంబర్లతో సహా గుర్తించాలి. ఆ పటాన్ని గ్రామసభ తీర్మానంతో పాటు జిల్లా కలెక్టరుకూ, రాష్ట్ర తీర మండలి నిర్వహణ అథారిటీకీ అందజేసి, 1:4000 స్కేలు అధికారిక పటాలలో చేర్చమని అడగాలి. తీర ప్రణాళికల మీద జిల్లా స్థాయి బహిరంగ విచారణ జరిగినప్పుడు స్త్రీలు నోటిమాటతోనూ రాతతోనూ అభ్యంతరాలు నమోదు చేయించాలి. వేట నిషేధ భృతిలో చేపలు అమ్మే, ఎండబెట్టే స్త్రీలను స్వతంత్ర లబ్ధిదారులుగా చేర్చాలని డిమాండ్ చేయాలి. వాళ్ళను కార్మికులుగా గుర్తించిన ఒక్క కాగితం చేతికొస్తే, వాళ్ళ ఒడ్డును ‘ఖాళీ’ అనడం అంత సులువు కాదు.

సముద్రం ఒడ్డున ఇల్లు కొనాలనుకునే స్నేహితురాళ్ళకు మేము చెప్పేది కూడా వుంది. బ్రోచర్ పక్కనపెట్టి ముందు ఆ ఊరి తీర ప్రణాళిక పటం అడగండి. పోటు గీత నుంచి ప్లాటు ఎన్ని మీటర్లో చూడండి. ఆ లేఅవుట్ రాకముందు ఆ ఇసుక మీద ఎవరు ఏం చేసేవారో పాలెం స్త్రీలను అడగండి. ప్రహరీ పడ్డాక వాళ్ళు ఒడ్డుకు ఏ దారిన వెళుతున్నారో కళ్ళారా చూడండి. చేపల గంపతో వచ్చే మనిషిని గేటు లోపలికి రానిస్తారా అని కాపలా అతన్ని అడగండి. ఈ ప్రశ్నలకు సరైన జవాబు దొరకని చోట, ధర ఎంత తక్కువైనా కొనకండి. దొరికిన చోట కొనండి, మీ పేరునే కొనండి, గేటు మాత్రం ఆ స్త్రీల దారికి అడ్డంగా పడకుండా కాలనీ సంఘంలో మీరు నిలబడండి.